సిగరెట్ మానేసినవాళ్ల కోపాన్ని ఇంట్లోవాళ్లు ఎంతవరకు భరించాలి?

వేసవివాన:
మా ఆయన సిగరెట్ మానేసి రెండో వారం నడుస్తోంది. సంతోషమే, కానీ పలకరించాలంటే భయంగా ఉంది. నిన్న రిమోట్ కనబడలేదని సోఫా దిళ్లన్నీ తీసి నేలమీద పడేశారు. మా అత్తగారేమో "వాడు అంత కష్టపడుతుంటే నువ్వే సర్దుకోవాలమ్మా" అంటారు. ఆడపడుచు "ఒక్కటి కాల్చుకోనివ్వు వదినా, గొడవ వదులుతుంది" అంటుంది. ఎన్నాళ్లని సర్దుకోవాలి? అసలు ఎందుకు సర్దుకోవాలి?

పాతపొగబండి:
కొన్నాళ్లు తప్పదండి. చూసేవాళ్లకు నాటకంలా ఉంటుంది గానీ అది నిజంగా ఒంట్లో జరిగేదే. సిగరెట్‌కు అలవాటు చేసే నికోటిన్ రక్తంలో సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది. మానేసిన మొదటి వారం మహా ఉధృతంగా ఉంటుంది, చాలామందికి 2 నుంచి 4 వారాల్లో నెమ్మదిస్తుంది. ఈలోగా చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, అస్తమానం ఆకలి. నేనైతే గోడ గడియారం చప్పుడు భరించలేక బ్యాటరీ పీకేశాను. ఆడపడుచుగారి సలహా మాత్రం వినకండి. నికోటిన్ లేక వచ్చిన చిరాకు నికోటిన్ పడితే తగ్గక ఏమవుతుంది? కథ మళ్లీ మొదటికొస్తుంది.

కారంబిళ్ల:
ఆ కోపం ఆఫీసులో మేనేజర్ మీద చూపిస్తున్నారా? అక్కడ నోరు కట్టేసుకోగలిగిన మనిషి ఇంట్లో ఎందుకు కట్టేసుకోలేరు?

పాతపొగబండి:
పగలంతా అక్కడ బిగబట్టుకున్నదే సాయంత్రం ఇంట్లో బయటపడుతుంది. సమర్థించడం లేదు, జరిగేది చెబుతున్నా.

కారంబిళ్ల:
బాగుంది. పొగ తాగింది ఆయన, సెగ ఆవిడకా?

మందులచీటీ:
మందుల షాపులో ఉండేదాన్ని కాబట్టి చెబుతున్నా. భరించాలా వద్దా అన్నది తర్వాత, ముందు ఆ చిరాకును తగ్గించుకునే మార్గం ఉంది కదా! చర్మానికి నికోటిన్ ప్యాచ్ (పట్టీ) అంటించుకుంటే నికోటిన్ కొద్దికొద్దిగా అందుతూ ఉంటుంది. ఉన్నట్టుండి మనసు లాగితే దానికి తోడు నికోటిన్ గమ్. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి "పనిచేయలేదండీ" అంటూ వస్తారు. ఘాటు తెలిసేదాకా మెల్లగా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు పోయాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగ్గా ఒంటికి పట్టదు.

అన్నట్టు, ఆయన కాఫీ ఎక్కువ తాగుతారా? పొగ తాగేవాళ్లలో కాలేయం కెఫీన్‌ను తొందరగా వదిలించుకుంటుంది. మానేశాక ఆ వేగం తగ్గుతుంది. దాంతో ఎప్పటిలాగే తాగినా రక్తంలో కెఫీన్ పెరుగుతుంది. దడ, టెన్షన్, నిద్రలేమి అన్నీ సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటారు. కాఫీ సగానికి తగ్గించి చూడమనండి. మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు మాత్రం మానేసిన సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి, కొన్ని మందుల మోతాదు మార్చాల్సి వస్తుంది.

మొండిఘటం:
ప్యాచ్‌లో ఉన్నదీ ఆ నికోటినేగా? నేను ఏ మందూ లేకుండా మానేశా. మనసు గట్టిగా ఉంటే చాలు.

మందులచీటీ:
మీకు కుదిరింది, మంచిదే. అందరికీ కుదరదు. పొగతో నికోటిన్ సెకన్లలో మెదడుకెక్కుతుంది, ప్యాచ్‌తో గంటలు పడుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ అసలుండవు. సిగరెట్ మానడానికి డాక్టరు రాసే వరెనిక్లిన్ మాత్ర మనసును పాడుచేస్తుందనీ భయపడేవారు. దానిమీద 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టించిన పెద్ద హెచ్చరికను, దాదాపు 8,000 మందితో చేసిన పరీక్ష ఫలితాలు చూశాక 2016లో ఎత్తేశారు.

వేసవివాన:
ఆయనకు చదివి వినిపించాను. కాఫీ తగ్గిస్తారట. ప్యాచ్ దగ్గర మాత్రం బెట్టు. మేనేజర్ మాటెత్తితే లేచి వెళ్లిపోయారు.

కారంబిళ్ల:
ప్యాచ్ వద్దనడం ఆయన ఇష్టం. వద్దనుకున్నాక ఆ కోపం మీ మీద చూపించడం కుదరదు. వస్తువులు విసరడం, చెయ్యెత్తడం దాకా వస్తే దాన్ని సిగరెట్ ఖాతాలో రాయకండి.

పాతపొగబండి:
ఇది ఒప్పుకుంటున్నా. ఆరాటం ముంచుకొస్తే మామూలుగా కొన్ని నిమిషాలే ఉంటుంది. "ఇప్పుడు నాతో మాట్లాడొద్దు" అని చెప్పి అవతలికి వెళ్లి నాలుగడుగులు వేసి రమ్మనండి. నెల దాటినా దిగులు వదలకపోయినా, బతకాలని లేదన్న మాట ఎప్పుడు వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.