నాలుగు రంగాల పరిశోధన వ్యాసాలకు ఒకే సమీక్షా ఫారం సరిపోతుందా?

ప్రశ్న

అనేక శాస్త్రాల పరిశోధన వ్యాసాలను ప్రచురించే పత్రికకు సహ సంపాదకుడిగా పనిచేస్తున్నాను. రాబోయే సంచికకు ఖగోళ భౌతికశాస్త్రం, అతివాహకత (చల్లబరిచినప్పుడు కొన్ని పదార్థాల్లో విద్యుత్ నిరోధం పూర్తిగా పోవడం), సాఫ్ట్‌వేర్ మోడలింగ్, మధ్యవర్తిత్వ చట్టం రంగాల నుంచి ఒక్కో వ్యాసం వచ్చింది. సమీక్షకులకు మేము పంపే ఫారంలో మూడో ప్రశ్న ఇది: “ఈ ఫలితాన్ని వేరొకరు స్వతంత్రంగా మళ్లీ సాధించి చూడవచ్చా?” అతివాహకత వ్యాసాన్ని చదివినవారు దీనికి అరపేజీ జవాబు రాయగా, చట్టం వ్యాసాన్ని చదివినవారు “వర్తించదు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. భాషలోనూ చిక్కుంది. నాలుగు వ్యాసాల్లోనూ “నమూనా” అనే మాట ఉంది. ఒకచోట అది కొలిమిలోంచి తీసిన ముక్క, ఒకచోట నక్షత్రాన్ని వర్ణించే సమీకరణాలు, ఒకచోట ప్రోగ్రామ్‌కు గీసుకున్న రూపురేఖ, మరోచోట 1985 నాటి ఐక్యరాజ్యసమితి నమూనా చట్టం. మూడో ప్రశ్నను తొలగించాలా, రంగానికొకటిగా విడగొట్టాలా, లేక తిరగరాయాలా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: అతివాహక పదార్థాలపై ప్రయోగాలు చేసే సభ్యుడు

దయచేసి తొలగించకండి. మా రంగంలో పరువు పోగొట్టుకున్న ప్రకటనలు చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే బోల్తా పడ్డాయి. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం 400 కెల్విన్ల (దాదాపు 127 డిగ్రీల సెల్సియస్) వరకూ అతివాహకంగా ఉంటుందని ప్రకటించినప్పుడు, విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోతున్నట్లు చూపిన గ్రాఫు వారి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. ఆ పతనం దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనిపించింది. తయారీలో మిగిలిపోయే క్యూప్రస్ సల్ఫైడ్ అనే మలినం కూడా సరిగ్గా అక్కడే తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకుంటుంది, దాని నిరోధమూ అక్కడే మారిపోతుంది. మలినం లేకుండా ఏకస్ఫటికాలుగా పెంచి చూసేసరికి, ఆ పదార్థం మిలియన్ల ఓమ్‌ల నిరోధమున్న విద్యుద్బంధకమని తేలింది.

1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ బృందం పాదరసంలో 4.2 కెల్విన్ల దగ్గర నిరోధం మాయమవడాన్ని గమనించింది. అయితే 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అతివాహకం తన లోపలి అయస్కాంత క్షేత్రాన్ని బయటకు నెట్టేస్తుందని చూపాక, నిరోధం లేకపోవడం ఒక్కటే సాక్ష్యంగా చాలదని స్థిరపడింది. కాబట్టి మీ రచయితను ఒకటి అడగండి: క్షేత్రంలో ఉంచి చల్లబరిచిన కొలత, క్షేత్రం లేకుండా చల్లబరిచిన కొలత, రెండూ ఇచ్చారా? రెండోది మాత్రమే ఇస్తే, అది అతివాహకమో, కేవలం నిరోధం లేని వాహకమో చెప్పలేం.

జవాబు: ఖగోళ భౌతికశాస్త్ర పరిశోధకురాలు

పై మాటతో నాకు పేచీ లేదు గానీ, “మళ్లీ సాధించడం” అన్న షరతు మాకు ఇరుకు. రెండు కృష్ణబిలాలను మళ్లీ ఢీకొట్టించి చూపమని ఎవరినీ అడగలేం. సంఘటనను తిరిగి రప్పించలేనప్పుడు మమ్మల్ని మేమే పరీక్షించుకుంటాం. 2010 సెప్టెంబరులో, గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో, వర్గో శోధకాల్లో అలాంటి ఒక సంకేతం కనిపించింది. పరిశోధకులు నెలల తరబడి విశ్లేషించి, ప్రచురణకు వ్యాసం కూడా సిద్ధం చేసుకున్నారు. 2011 మార్చిలో అందరూ సమావేశమై, గుట్టు దాచిన కవరు విప్పితే, అది పరీక్ష కోసం తమలోనే కొందరు రహస్యంగా చొప్పించిన కృత్రిమ సంకేతమని తెలిసింది. నాకు ఆ కథ ఇప్పటికీ ఇష్టం, ఎందుకంటే అక్కడ ఎవరూ అవమానపడలేదు. నిజంగా తరంగం వస్తే గుర్తించగలమన్న నమ్మకం కుదిరింది. 2015 సెప్టెంబరు 14న అసలైన సంకేతం వచ్చినప్పుడు మొట్టమొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ఇది కూడా మనవాళ్లు చొప్పించిందేనా అన్నది.

జవాబు: సాఫ్ట్‌వేర్ మోడలింగ్ బోధించే సభ్యుడు

మా దగ్గర ఎవరైనా మళ్లీ నడిపి చూడవచ్చు, కాబట్టి సమస్యే లేదని అనుకుంటారు. అది నిజం కాదు. కంప్యూటర్ల వలయంలో ఏ సమాచారం ఎక్కడుందో వెతికిపెట్టే కోర్డ్ ప్రోటోకాల్‌ను 2001లో ప్రచురించినప్పుడు, దాని సరితనాన్ని నిరూపించవచ్చన్నది దాని గొప్పల్లో ఒకటి. ఎందరో దాన్ని అమలుచేశారు, ఉటంకించారు. 2012లో కంప్యూటర్ శాస్త్రవేత్త పమేలా జేవ్, మోడలింగ్ కోసం వాడే అల్లాయ్ భాషలో దానికి ఒక చిన్న నమూనా రాసి విశ్లేషిస్తే, ఎల్లవేళలా నిలుస్తాయని చెప్పిన ఏడు లక్షణాల్లో ఒక్కటీ నిలవలేదు. ప్రోగ్రామ్‌ను వెయ్యిసార్లు నడిపినా బయటపడని లోపం, నాలుగైదు కంప్యూటర్ల బుల్లి వలయంలో అన్ని అవకాశాలనూ వరుసగా వెతికితే దొరికింది. ఎంత పెద్ద వలయం వరకు ఇలా వెతికారో మీ వ్యాసకర్త చెప్పి తీరాలి.

జవాబు: మధ్యవర్తిత్వ చట్టం అధ్యయనం చేసే న్యాయవాది

“వర్తించదు” అన్న సమీక్షకునితో నేను ఏకీభవించను. ఒకే కొలతను రెండు చోట్ల తీయడం మాకూ జరుగుతుంది. డల్లా సంస్థకూ పాకిస్తాన్ ప్రభుత్వానికీ నడుమ వివాదంలో పారిస్‌లో కూర్చున్న మధ్యవర్తుల ట్రైబ్యునల్ ప్రభుత్వం డబ్బు చెల్లించాలని అవార్డు, అంటే మధ్యవర్తుల తీర్పు, ఇచ్చింది. ఒప్పందం మీద సంతకం చేసింది ప్రభుత్వం కాదు, అది ఏర్పాటుచేసిన ట్రస్టు. ప్రభుత్వం నిజంగా ఆ ఒప్పందంలో పక్షమేనా అన్నదే చిక్కుముడి. విదేశీ అవార్డుల అమలుకు సంబంధించిన 1958 నాటి న్యూయార్క్ ఒడంబడికలోని అయిదో అధికరణం కింద బ్రిటన్ సుప్రీంకోర్టు 2010 నవంబరులో, పక్షం కాదంటూ అమలుకు నిరాకరించింది. 2011 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టు అదే అవార్డును నిలబెట్టింది. రెండు కోర్టులూ అన్వయించింది ఫ్రెంచి చట్టాన్నే!

మా అసలు బలహీనత వేరు. అవార్డుల్లో అధికభాగం గోప్యంగానే ఉంటాయి. కోర్టు మెట్లెక్కినవే పరిశోధకుల కంట పడతాయి. వాటిని లెక్కపెట్టి “ట్రైబ్యునళ్లు ఇలా చేస్తాయి” అనడం, మెరిసే నక్షత్రాలను మాత్రమే లెక్కించి ఆకాశాన్ని వర్ణించడం వంటిది. ఆ పొరపాటు ఎలాంటిదో ఖగోళ శాస్త్రజ్ఞులకు మాకన్నా బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మూడో ప్రశ్నను ఇలా తిరగరాశాం: “ఈ ఫలితం తప్పయితే ఆ తప్పు ఎక్కడ బయటపడాలి? రచయిత అక్కడ వెతికారా?” కొత్త ఫారంతో చట్టం వ్యాసాన్ని అదే సమీక్షకునికి తిరిగి పంపాం. పరిశీలించిన అవార్డులన్నీ రద్దు కోసం కోర్టుకెళ్లినవేనని, శీర్షికను ఆ మేరకు కుదించాలని ఈసారి ఆయన ఒకటిన్నర పేజీ రాశారు. అతివాహకత రచయితకు రెండు కొలతలూ కావాలని ఉత్తరం వెళ్లింది.