అనగననగ రాగమా, అనురాగమా?

కొత్తపలక: కేంబ్రిడ్జ్ బి1 ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే భాగం కోసం నేనూ, నాతో కూర్చోబోయే మిత్రుడూ రోజూ సాధన చేస్తున్నాం. ఒకే ఫొటోను నాలుగోసారి వర్ణించమంటే అతను విసుక్కున్నాడు. నచ్చజెబుదామని వేమనను ఎత్తుకున్నాను. "అనగననగ రాగ మతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము..." దగ్గర నోరు ఆగిపోయింది. తియ్యనుండునా, తియ్యగుండునా? అతనేమో "ముందు రాగమంటే పాటో, ప్రేమో తేల్చు" అన్నాడు. తీర్చండి.

గురులఘువు: తియ్యనుండు. "తియ్యగనుండు" అనేవారి నోట ఈ పద్యపు ఛందస్సైన ఆటవెలది కుంటుతుంది.

వడితప్పనివాడు: వారు అడిగింది తియ్యగుండు గురించండీ, తియ్యగనుండు గురించి కాదు. తియ్య, గుండు రెండూ హగణాలే, అంటే గురువు తర్వాత లఘువు. తీయనుండు అన్నా గణాలు చెడవు, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరాలనే యతీ చెడదు. ఇక్కడ ఛందస్సు సాక్ష్యానికి రాదు.

గురులఘువు: సరే, ఒప్పుకున్నాను. నా చెవికి మాత్రం "న"యే. పై పాదం "చునుండు"తో ముగిసింది కదా, దానికి తోడు.

పెరటివేప: రాగం విషయంలో సందేహమెందుకు? "పాడగ పాడగ రాగం" అని సామెతే ఉంది. బాణీయే.

నిఘంటుపురుగు: సామెతలో పాడగ, పద్యంలో అనగ. అనడం పాడటం ఎప్పుడైంది? సంస్కృతంలో రాగమంటే రంగు, ఎరుపు, మక్కువ కూడా. ఒక మాటను పదేపదే అంటే దాని మీద మక్కువ పెరుగుతుందని నా అర్థం.

వడితప్పనివాడు: ఇద్దరూ అసలు అందాన్ని వదిలేశారు. "అనగ"కు యతి "మతిశయిల్లు"లోని మకారంతో కాదు, సంధిలో దాక్కున్న "అ"తో. రాగము, అతిశయిల్లు అని విడదీసి చూడండి.

పెరటివేప: యతి ఎవరూ అడగలేదు.

నిఘంటుపురుగు: అడగకపోయినా బాగుంది. ఈ జంటమాటల మోజు వేమనకు మామూలే. "ఉప్పు కప్పురంబు" పద్యంలో "చూడచూడ రుచుల జాడ వేరు" తలచుకోండి. అక్కడ చూసేకొద్దీ తేడా తెలుస్తుంది, ఇక్కడ తినేకొద్దీ తేడా చెరిగిపోతుంది. ఒకే కవి!

ముక్కుసూటి: ఈ "ఉండు" దగ్గరే నాకు పేచీ. వేము తియ్యన "అగును" అనలేదు, "ఉండు" అన్నాడు. ఆకు చేదు అలాగే ఉంది, అలవాటుపడింది నాలుక. ఒకే స్థాయివాళ్ళు ఇద్దరు కూర్చుని సాధన చేస్తే జరిగేదీ అదే. ఒకరి తప్పు మరొకరికి వారం తిరిగేసరికి తియ్యగా తోస్తుంది. మాటలను ఫోనులో రికార్డు చేసుకుని కొన్నాళ్ళాగి వినండి, చేదు తెలుస్తుంది.

పెరటివేప: మూడో పాదం "సాధనమున పనులు సమకూరు ధరలోన" అంటుంటే మీరు పద్యాన్ని తలకిందులు చేస్తున్నారు.

ముక్కుసూటి: సమకూరుతాయనే అన్నాడు. ఏ పనులో అనలేదు.

కొత్తపలక: ఒక మాట. ఈ పరీక్ష 12 నిమిషాలు, ఎదురుగా ఇద్దరు పరీక్షకులు. ఒకరు మాట్లాడిస్తారు, మరొకరు వింటూ మార్కులు వేస్తారు. ఫొటో వర్ణన ఎవరికి వారే, ఒక్కొక్కరికీ ఒక నిమిషం. తర్వాతి భాగంలో ఇద్దరం బొమ్మలు చూస్తూ ఒకరితో ఒకరం చర్చించాలి. నా మిత్రుడు అక్కడ నన్ను నోరెత్తనివ్వడు. పరస్పర సంభాషణకూ మార్కులున్నాయని చెప్పినా వినడు.

నిఘంటుపురుగు: అతనికి ఈ పద్యం కాదు, "అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను" వినిపించండి.

పెరటివేప: పరీక్ష ముందు జతగాడిని అల్పుడంటారా? బాగుంది సలహా. మకుటంలోనే "వినుర" ఉంది, అది చాలు.

కొత్తపలక: "వినుర" అనే అన్నాను. "నువ్వేమైనా వేమనవా?" అన్నాడు.

గురులఘువు: బ్రౌన్ దొర 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఒక్క అక్షరం చూసి చెబుతారా? "న" అయితేనే చెప్పండి.