నాగావళి ఒడ్డున చలిమంట వేసుకోవాలనుకుంటున్నాం, జాగ్రత్తలు చెప్పండి

అడిగినవారు (రాయగడ):
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఎనిమిది మంది స్నేహితులం ఊరి బయట నాగావళి ఇసుకలో చలిమంట వేసుకుని కూర్చుందామనుకుంటున్నాం. ఇద్దరు విశాఖ నుంచి వస్తున్నారు. అందులో ఒకణ్ణి చూసి నాలుగేళ్లయింది, అందుకే ఆ రాత్రి బాగా జరగాలని నా ఆశ. మంట త్వరగా అంటుకోడానికి బండిలోంచి కాస్త పెట్రోలు తీసి పోస్తే సరిపోతుందా? ఏ కట్టెలు మంచివి? తిరిగొచ్చేటప్పుడు పైన ఇసుక కప్పేస్తే చాలు కదా?

జవాబు (జయపురం):
తమ్ముడూ, ముందే అడిగావు, మంచి పని చేశావు.

పెట్రోలు అసలు వద్దు. పెట్రోలు కన్నా ముందు దాని ఆవిరి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. అది నేలబారున పాకి నీ కాళ్ల దాకా వచ్చేసి ఉంటుంది, కంటికి కనబడదు. అగ్గిపుల్ల గీయగానే మంట నీ దగ్గరే లేస్తుంది. మధ్యలో మంట తగ్గిందని సీసాతో పోస్తే ఇంకా ప్రమాదం, నిప్పు ఆ ధార పట్టుకుని సీసాలోకి ఎక్కేస్తుంది. కిరసనాయిలు, శానిటైజరు కూడా పోయొద్దు. గుప్పెడు కొబ్బరి పీచు, ఎండు తాటాకు, రెండు కర్పూరం బిళ్లలు చాలు.

కట్టెలు అడితిలోనే కొనుక్కోండి. ఎండిన సరుగుడైనా, చింతైనా, మామిడైనా పరవాలేదు. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడు. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే లోపల పచ్చి ఉన్నట్టు. వెదురు బొంగులు చీల్చకుండా మంటలో వేయొద్దు, కణుపుల మధ్య గాలి వేడెక్కి టపాకాయలా పేలతాయి. ఏట్లో తడి రాళ్లు తెచ్చి చుట్టూ పేర్చొద్దు, అవీ పగిలి ముక్కలు ఎగురుతాయి. రంగేసిన చెక్క, ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు, గన్నేరు కొమ్మలు కాలిస్తే వచ్చే పొగ విషం. ఎవరైనా పచ్చి జీడిపిక్కలు కాల్చుకుందామంటే ఒప్పుకోకు. ఆ తొక్కలోని నూనె చిమ్మి చర్మం బొబ్బలెక్కుతుంది.

జానెడు లోతు, రెండు మూరల వెడల్పు గొయ్యి తీయండి. చుట్టూ పదడుగుల మేర ఎండు గడ్డి, చెత్త లేకుండా చూడండి. బండ్లు ఇంకా దూరంగా పెట్టండి. పీచు మీద చిదుగులు, వాటి మీద బొటనవేలంత పుల్లలు గోపురంలా నిలబెట్టి అంటించండి. అది బాగా రాజుకున్నాకే మణికట్టంత కట్టెలు, ఒక్కొక్కటిగా వేయండి. మంట మోకాలెత్తు దాటనివ్వొద్దు. కబుర్లు చెప్పుకోడానికి అంత మంట చాలు, ఎదురుగా కూర్చున్నవాడి ముఖం కూడా కనబడుతుంది. గాలి గట్టిగా ఉంటే ఆ రాత్రికి మానేయండి. చిలగడదుంపలు తీసుకెళ్లు, పక్కకు లాగిన నిప్పుల్లో ముప్పావుగంట పెడితే లోపల వెన్నలా ఉడుకుతాయి. ధింసా ఆడాలనిపిస్తే మంట చుట్టూ కాకుండా పక్కన ఖాళీ జాగాలో ఆడుకోండి.

ఇక ఇసుక సంగతి. ఒకసారి గుణుపురంలో వంశధార ఒడ్డున మేమూ ఇలాగే కూర్చున్నాం. వెళ్లేముందు నిప్పుల మీద ఇసుక కప్పేశాం. తెల్లారి మా పిన్ని కొడుకు వట్టికాళ్లతో మళ్లీ అటే వెళ్లాడు. ఇసుక చదునుగా ఉంది, పక్కన పిచ్చుక కాలి గుర్తులు కూడా పడ్డాయి. పొగ లేదు, ఎరుపు లేదు. వాడు అడుగేశాడు. మడమ దగ్గర్నుంచి వేళ్ల దాకా బొబ్బలు లేచాయి, మూడు వారాలు మంచం దిగలేదు. ఆ ఇసుక కప్పింది నేనే. నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పట్నుంచి విన్న మాటే, వాడి అరికాలు చూశాకే నాకది తెలిసొచ్చింది. ఇసుక నిప్పును చంపదు, వేడి బయటికి పోకుండా మూతలా కాపాడుతుంది.

అందుకని బయల్దేరడానికి గంట ముందే కట్టెలు వేయడం ఆపండి. తర్వాత గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి, ఒక్కసారి కుమ్మరిస్తే వేడి ఆవిరి ముఖానికి కొడుతుంది. కర్రతో అడుగు దాకా కలపండి, మళ్లీ పోయండి. చుయ్యిమనే చప్పుడు ఆగేదాకా ఇదే పని. చివర అరచేతి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడు, వెచ్చదనం లేకపోతే తాకి చూడు. చల్లగా తగిలితేనే కదలండి. ఏరు పక్కనే ఉంది కదా అనుకోవద్దు, మూడు బకెట్లు నింపి మంట దగ్గర పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయండి.

జవాబు (గుణుపురం, నర్సుగా పనిచేస్తున్నాను):
బాబూ, అన్నయ్య చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. నైలాన్ జాకెట్లు, వేలాడే చున్నీలు మంట దగ్గర వద్దు, ఉన్ని దుప్పటి కప్పుకోండి. బట్టలకు అంటుకుంటే పరిగెత్తకూడదు, నేలమీద పడి దొర్లాలి. కాలితే వెంటనే ఉంగరం, వాచీ తీసేసి ఇరవై నిమిషాలు చల్లటి మంచినీళ్లు ధారగా పోయండి. అందుకు క్యాను ఒకటి వేరుగా ఉంచుకోండి. పేస్టు, పసుపు, ఐసు ఏదీ పెట్టొద్దు, బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. టెంటు వేస్తే చలికి తాళలేక నిప్పుల కుంపటి లోపల పెట్టుకోవద్దు. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

జవాబు (సిరొంచ, మహారాష్ట్ర):
తమ్మీ, మా దిక్కు ప్రాణహిత ఒడ్డుకు పోయినా ముందుగాల ఆ జాగ ఎవరిదో అడుగుతం. రిజర్వు ఫారెస్టుల నిప్పు పెడితే 1927 నాటి అటవీ చట్టం 26వ సెక్షన్ కింద నేరం. మీ ఒడిశాకు వేరే అటవీ చట్టం ఉన్నది, ఫారెస్టోళ్లను అడిగి పోవుడు మంచిది. ఫిబ్రవరి దాటినంక టేకు ఆకు రాలితే అడివంతా ఎండు పరుపే, అప్పుడైతే మంట ఆలోచనే వద్దు.

అడిగినవారు (రాయగడ):
అందరికీ చాలా థ్యాంక్స్. పెట్రోలు మాట మానేశాం. ఇవన్నీ చదివి మావాళ్లు ఏటి ఒడ్డు వద్దన్నారు. స్నేహితుడి వాళ్ల మామిడి తోటలో పెట్టుకుందామంటున్నారు, బోరు కూడా ఉంది. పరవాలేదా?

జవాబు (జయపురం):
పరవాలేదు, కానీ కొమ్మల కింద వద్దు. చెట్ల వరస బయట ఖాళీ నేల చూసి, ఎండుటాకు ఊడ్చి తవ్వండి. తవ్వేటప్పుడు వేరు తగిలితే చోటు మార్చండి, వేరులో దిగిన నిప్పు రోజుల తరబడి లోలోపల కాలుతుంది. బోరును నమ్ముకోవద్దు, రాత్రి కరెంటు పోవచ్చు. సాయంత్రమే డ్రమ్ము నింపించు.