ట్రాక్ మీద నడిపాక బ్రేక్ తొక్కితే వణుకు: డిస్కులు లేత్ పట్టించాలా, మార్చేయాలా?

విజినారం 718:
మాస్టార్లకు నమస్కారం. బండి పోర్షే 718 కేమన్. ఇనుప బ్రేక్ డిస్కులు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు కంపెనీవే, బ్రేక్ ఆయిల్ పోసి రెండేళ్ళు కావొస్తోంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద రోజంతా నడిచి విజయనగరం వచ్చింది. మధ్యాహ్నం సెషన్లలో పెడల్ మెత్తబడి సగం దాకా పోయేది, చల్లారాక మళ్ళీ పైకొచ్చింది. ఇప్పుడు హైవే మీద 100లో బ్రేక్ తొక్కితే 80 దగ్గర నుంచి స్టీరింగ్ కొట్టుకుంటోంది. ముందు డిస్కుల మీద నీలం మచ్చలు, రంధ్రాల చుట్టూ సన్నని చీలికలు. ప్యాడ్లు ముందు 5 మిల్లీమీటర్లు, వెనక 4 మిగిలాయి. ఊళ్ళో ఒక వర్క్‌షాపులో "డిస్క్ వంగిపోయింది, లేత్ పట్టించేస్తే అయిపోద్ది" అంటున్నారు. పట్టించమంటారా? మళ్ళీ ట్రాక్‌కి వెళ్ళాలంటే ఏటేటి మార్చాలి?

సిక్కోలు టార్క్:
డిస్క్ ముఖం చెక్కి చదును చేసే ఆ లేత్ దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్ళకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. పెడల్ మెత్తబడడం ఆయిల్ వల్ల, స్టీరింగ్ కొట్టుకోవడం డిస్క్ ముఖం వల్ల. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు.

ముందు ఆయిల్ సంగతి. వేగం రెట్టింపైతే బ్రేక్ మింగాల్సిన వేడి నాలుగింతలు. డ్రైవరుతో కలిపి 1450 కిలోల బండిని 100 నుంచి 40కి దించితే సుమారు 0.47 మెగాజౌళ్ళు, 200 నుంచి 80కి దించితే 1.88. అది ప్రతి ల్యాపులోనూ, మళ్ళీ మళ్ళీ. ఆ వేడి ప్యాడ్ దాటి, దాన్ని డిస్క్‌కి నొక్కే పిస్టన్‌కి, అక్కడి నుంచి ఆయిల్‌కి చేరుతుంది. బ్రేక్ ఆయిల్‌కి ఉండే డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 మాత్రమే. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో రెండేళ్ళ ఆయిల్‌ని తడి ఆయిల్ కిందే లెక్కేసుకోవాలి. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, తొక్కిన బలం వాటిని నొక్కడానికే పోతుంది. చల్లారాక పెడల్ పైకొచ్చింది కదా అని ఊరుకోవద్దు. ఒకసారి మరిగిన ఆయిల్‌ని పూర్తిగా తీసేయాల్సిందే.

మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది తీసుకోండి, కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. అర లీటరు టిన్నులు రెండు సరిపోతాయి. తెరిచిన టిన్ను దాచుకుని వచ్చే నెల పోయడం వద్దు. డాట్ 5 పొరపాటున కూడా కొనకండి. అది సిలికాన్ ఆయిల్, దీంతో కలవదు. మీ కాలిపర్లు, అంటే ప్యాడ్లనీ పిస్టన్లనీ పట్టుకునే దిమ్మలు, నాలుగు పిస్టన్లవి. ఒక్కోదానికి లోపల ఒకటి, బయట ఒకటి, పాత ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్స్ రెండు ఉంటాయి. బయటిది ఒక్కటే విప్పి పని అయిపోయిందనుకుంటే లోపలి సగంలో పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది. ఏ చక్రం తర్వాత ఏ చక్రం అన్నది మాన్యువల్లో ఉన్నట్టే చేయండి. ఒత్తిడితో కొత్త ఆయిల్ తోసే ప్రెషర్ బ్లీడర్ పెడితే 2 బార్ చాలు.

డయల్ గేజ్:
డిస్క్ సంగతి నేను చెప్తాను. "వంగిపోయింది" అనే మాట అన్ని వర్క్‌షాపుల్లోనూ వినిపిస్తుంది గానీ, నిజంగా వంగిన డిస్కులు చాలా తక్కువ. రోడ్డు ప్యాడ్ ఓర్చుకోలేనంత వేడెక్కితే దాని పదార్థం పెనానికి అట్టు అంటుకున్నట్టు డిస్క్‌కి అక్కడక్కడా అంటుకుంటుంది. అంటుకున్న చోట రాపిడి ఎక్కువ, వేడీ ఎక్కువ. ఇనుము 650 డిగ్రీలు దాటితే ఆ మచ్చ కింద సిమెంటైట్ అనే గట్టి పదార్థం తయారవుతుంది. చుట్టూ ఉన్న ఇనుము అరుగుతుంది, అది అరగదు, అక్కడే ఉబ్బుగా మిగులుతుంది. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా ఉంటే చాలు, స్టీరింగ్‌లో తెలుస్తుంది.

లేత్ వద్దన్నది ఇందుకే. టూలు ఆ గట్టి మచ్చ మీదకి రాగానే ఎగిరి దాటేస్తుంది, ఉబ్బు కొంత మిగిలిపోతుంది. పైగా మీది రంధ్రాల డిస్క్, ప్రతి రంధ్రం అంచునా టూలు దెబ్బ తింటుంది. అదంతా ఓర్చినా మందం తగ్గుతుంది, తగ్గితే వేడి దాచుకునే శక్తీ తగ్గుతుంది.

ముందు కొలవండి. చక్రం విప్పి, బోల్టులకి వాషర్లు వేసి డిస్క్‌ని హబ్‌కి, అంటే చక్రం కూర్చునే మధ్య భాగానికి, సమంగా బిగించండి. బయటి అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపల మైక్రోమీటరుతో చుట్టూ 8 చోట్ల మందం రాసుకోండి. తర్వాత అక్కడే డయల్ గేజ్ ముల్లు ఆనించి ఒక చుట్టు తిప్పండి, డిస్క్ పక్కలకి ఊగే ఊగు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే డిస్క్ తీసి హబ్ ముఖం చూడండి. తుప్పు పొర ఉంటే వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి మళ్ళీ కొలవండి. హబ్ దగ్గర వెంట్రుకంత తేడా డిస్క్ అంచు దగ్గరికి వచ్చేసరికి పెరిగిపోతుంది. కనీస మందం డిస్క్ మీదే, "మిన్ టీహెచ్" పక్కన చెక్కి ఉంటుంది.

చీలికలకి నేను పెట్టుకునే హద్దు ఇది: గోరు తగలని వెంట్రుక గీతలు ఉంటే ఫరవాలేదు. రెండు రంధ్రాలను కలిపినా, అంచుకి చేరినా, 5 మిల్లీమీటర్లు దాటినా ఆ డిస్క్ మళ్ళీ ట్రాక్ ఎక్కకూడదు. లోపలి ముఖం కూడా టార్చి, చిన్న అద్దం పెట్టి చూడండి, చాలామంది బయటిదే చూసి వదిలేస్తారు. నీలం మచ్చల్ని 120 నంబరు గార్నెట్ పేపర్‌తో అడ్డదిడ్డంగా రుద్ది చూడండి. పోతే అది ప్యాడ్ పూతే. పోకపోతే సిమెంటైట్.

విజినారం 718:
కొలిచాను. ముందు ఎడమ డిస్క్‌లో మందం తేడా 0.03, కుడిదానిలో 0.01. హబ్ తుప్పు గీకాక ఊగు రెండు వైపులా 0.04 లోపలే. చెక్కిన కనీస మందానికి ఇంకా 0.6 మిల్లీమీటర్లు పైన ఉన్నాయి. ఎడమదాని మీద మచ్చలు రుద్దినా పోలేదు. లోపలి ముఖంలో ఒక చీలిక రెండు రంధ్రాలను కలిపేసింది. వెనకవి శుభ్రంగా ఉన్నాయి. కుడిది ఉంచుకోవచ్చా? ఇంకొకటి, వెనక ప్యాడ్లు ముందువాటి కంటే ఎక్కువ ఎందుకు అరిగాయి?

డయల్ గేజ్:
మందం మిగిలి ఉన్నా ఎడమది అయిపోయినట్టే. కుడిది బాగున్నా ముందు రెండూ జతగా మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే పట్టు రెండు వైపులా ఒకేలా ఉండదు. వెనకవి ఉంచుకోండి. వెనక ప్యాడ్ల అరుగుదలకి కారణం స్టెబిలిటీ కంట్రోల్ అయ్యుంటుంది. మలుపులో చక్రం జారబోతే అదే ఆ చక్రానికి బ్రేక్ వేస్తుంది, మీ కాలు పెడల్ మీద లేకపోయినా సరే. డాష్‌బోర్డులో ఆ దీపం మాటిమాటికీ మెరిసిందంటే మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ తొందరగా తొక్కుతున్నారని అర్థం.

పాత డిస్క్ విప్పేటప్పుడు జాగ్రత్త. హబ్‌కి పట్టి ఉంచే చిన్న స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోతాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది, ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. కాలిపర్ బోల్టులు కొత్తవి వేయమని మాన్యువల్లో ఉంటే కొత్తవే వేయండి.

రణస్థలం రోడ్డు:
ప్యాడ్ల గురించి. కొత్తదాని మందంలో సగానికి తగ్గిన ప్యాడ్‌తో ట్రాక్‌కి వెళ్ళొద్దు. ప్యాడ్ పలచబడేకొద్దీ వేడి నేరుగా పిస్టన్ సీళ్ళకి తగులుతుంది. మీవి నాలుగు చక్రాలకీ మార్చాలి, అరుగుదల సెన్సార్ వైర్లు కూడా తెగి ఉంటే మార్చండి.

రోడ్డూ ట్రాకూ ఒకే ప్యాడ్‌తో నడవాలంటే ఫెరోడో డీఎస్2500 లాంటిది. ట్రాక్ కోసమే అయితే పాగిడ్ ఆర్‌ఎస్‌ఎల్29. రెండోది చల్లగా ఉన్నప్పుడు కీచుమంటుంది. ఇక్కడి నుంచి చెన్నై దాకా దానితో వెళ్ళే కంటే రోడ్డు ప్యాడ్లతో వెళ్ళి ప్యాడక్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోట, మార్చుకోవడం మేలు. మీ కాలిపర్‌లో ప్యాడ్లు మార్చడం కష్టం కాదు. పిస్టన్లు వెనక్కి నొక్కేటప్పుడు రిజర్వాయర్‌లో ఆయిల్ పొంగకుండా చూసుకోండి. చక్రం ఎక్కించాక బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

కొత్త ప్యాడ్లు, డిస్కులు కుదరడానికి 100 నుంచి 20కి ఎనిమిది, పదిసార్లు గట్టిగా దించాలి, పూర్తిగా ఆపకూడదు. భోగాపురం, రణస్థలం మధ్య హైవే మీద ఆ పని చేయొద్దు. డివైడర్ సందుల్లోంచి ఆటోలు, పశువులు అడ్డం వస్తాయి, వెనక లారీ ఉంటుంది. ట్రాక్‌లో మొదటి సెషన్ దీనికే వాడండి. రెండు మూడు ల్యాపుల్లో మెల్లగా వేడి పెంచి, ఒక ల్యాపు చల్లార్చి, ప్యాడక్‌లో పావుగంట ఆపండి. ఆపాక పెడల్ తొక్కి పట్టుకోవద్దు, హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. గేరులో పెట్టి చక్రానికి చెక్క అడ్డం పెట్టండి. కొన్ని నిమిషాలకోసారి గేరూ చెక్కా తీసి, చక్రం అర చుట్టు తిరిగేలా బండిని ముందుకి తోసి మళ్ళీ పెట్టండి, వేడి ప్యాడ్ ఒకే చోట ఆనుకుని మచ్చ వేయకుండా.

డిస్క్ బయటి అంచుకి థర్మల్ పెయింట్ మూడు చుక్కలు పెట్టుకోండి. ఆకుపచ్చ 430, నారింజ 560, ఎరుపు 610 డిగ్రీల దగ్గర రంగు మారతాయి. ఎరుపు కూడా మారిందంటే సెషన్ తగ్గించండి.

విజినారం 718:
చాలా థాంక్సండీ. ముందు డిస్కుల జత, నాలుగు చక్రాల ప్యాడ్లు, ఆయిల్ ఆర్డర్ పెడుతున్నాను. ట్రాక్ ప్యాడ్లు వేసి ఇంటి దగ్గర నెల రోజులు వదిలేస్తే ఏమైనా అవుతుందా?

సిక్కోలు టార్క్:
అవుతుంది. ప్యాడ్‌లోని ఇనుప రజను తేమకి తుప్పు పట్టి డిస్క్‌కి అతుక్కుంటుంది, బండి కదిలించినప్పుడు ప్యాడ్ ఆకారంలో అచ్చు పడుతుంది. ట్రాక్ ప్యాడ్లు తీసి, ఏ చక్రానిది ఏ వైపుదో రాసి, పొడి డబ్బాలో పెట్టండి. రోడ్డు ప్యాడ్లతో ఉన్నా, బండి కడిగాక నేరుగా షెడ్డులో పెట్టకుండా వీధిలో ఓ నాలుగుసార్లు బ్రేక్ వేసి డిస్కులు ఆరాకే పెట్టండి.