పాత ల్యాండ్ రోవర్‌కి కొత్త ఇంజన్: బాగుచేయడమా, పాడుచేయడమా?

వారాంతం_పానా:
సిరీస్ 3 ల్యాండ్ రోవర్ ఒకటి అమ్మకానికి ఉంటే చూసొచ్చాను. పొట్టి బండి, పెట్రోల్, 2.25 లీటర్ల ఇంజన్. ఏళ్లుగా షెడ్డులో కదలకుండా పడి ఉంది. ఇంజన్ పట్టేసిందని అమ్మేవాళ్ళే చెప్పారు. బాడీ మాత్రం గట్టిగా ఉంది, ఎక్కడా చిల్లు లేదు. రోజూ తిరగడానికి నాకు వేరే కారు ఉంది. దీన్ని సెలవు రోజుల్లో సొంతంగా విప్పి బిగించుకోవాలని, తయారయ్యాక మట్టిదారుల్లో, కొండదారుల్లో తిప్పుకోవాలని ఆశ. పాత ఇంజన్ పీకేసి టర్బో డీజిల్ వేయించమంటాడు ఒక స్నేహితుడు. అలా చేస్తే అది ఇక ల్యాండ్ రోవరే కాదంటాడు ఇంకొకడు. మీరేమంటారు?

సైడ్‌వాల్వ్:
రెండో స్నేహితుడి మాట వినండి. పట్టేసిన ఇంజనంతా చచ్చిన ఇంజన్ కాదు. ముందు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. స్టార్టర్ మోటారు చివరి చిన్న పళ్ళచక్రం (పినియన్) ఇంజన్ వెనక పెద్ద చక్రం, అంటే ఫ్లైవీల్, పళ్ళలో ఇరుక్కున్నా ఇంజన్ పట్టేసినట్టే అనిపిస్తుంది. నిజంగానే పిస్టన్లు బిగుసుకుని ఉంటే ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లో తుప్పు వదిలించే నూనె పోసి కొన్నాళ్ళు వదిలేయండి. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో కొద్దికొద్దిగా తిప్పి చూడాలి. తొందరపడి బ్యాటరీ తగిలించి స్టార్టర్‌తో గుంజితే పిస్టన్ రింగులు విరుగుతాయి. అప్పటికీ కదలకపోతే హెడ్ విప్పండి. రీబోర్ (సిలిండర్లను కోరి కాస్త వెడల్పు చేయడం), కొత్త పిస్టన్లు, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్... ఇవేవీ మంచి లేత్ మేస్త్రీకి కొత్త పనులు కావు. ఆ ఇంజన్‌లో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. మీరేమో హాబీ అంటున్నారు. చేత్తో విప్పి నేర్చుకోదగ్గ ఇంజన్ని పారేశాక ఇక నేర్చుకునేదేంటి?

బురదే_దారి:
మళ్ళీ మొదలైంది పూజ! సైడ్‌వాల్వ్ గారూ, ఆయన బండిని అద్దాల గదిలో పెట్టడానికి కొనట్లేదు, తిప్పడానికి కొంటున్నారు. ఎత్తు మీద వెనక లారీ హారన్ కొడుతుంటే రెండో గేరులో మూలుగుతూ ఎక్కడం ఎన్నాళ్ళు బాగుంటుంది? ఆ పెట్రోల్ ఇంజన్ తాగుడు సంగతి సరేసరి.

ల్యాండ్ రోవర్ వాళ్ళదే 200టీడీఐ అనే టర్బో డీజిల్ ఇంజన్ 1989లో వాళ్ళ డిస్కవరీ బండితో వచ్చింది. పెద్దగా కోతలు లేకుండా సిరీస్ గేర్‌బాక్స్‌కి అమరుతుంది. దానికీ కంప్యూటర్ లేదు, మెకానికల్ పంపే. "కంపెనీ పెట్టిందే అసలైనది" అనేవాళ్ళకు ఒక మాట. 1948లో ల్యాండ్ రోవర్ వచ్చినప్పుడు ఇంజన్ 1.6 లీటర్లు. తర్వాత 2 లీటర్లయింది, ఆ తర్వాత 2.25. 1979లో ఇదే సిరీస్ 3కి కంపెనీయే 3.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) వేసి స్టేజ్ 1 పేరుతో అమ్మింది. కంపెనీ మారిస్తే అభివృద్ధి, మనం మారిస్తే అపచారమా?

సైడ్‌వాల్వ్:
స్టేజ్ 1 మాట తెచ్చారు కాబట్టి మిగతా కథ కూడా చెప్పండి. వీ8 ఒక్కటే పెట్టి ఊరుకోలేదు వాళ్ళు. రేంజ్ రోవర్ గేర్‌బాక్స్ తెచ్చి, శక్తి ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పోయేలా చేశారు. అప్పటికీ సరిపోదని ఇంజన్ శక్తిని 91 హార్స్‌పవర్‌కి కుదించారు. అంత జాగ్రత్త ఊరికే పడలేదు కదా! మీ టీడీఐ టార్క్, అంటే తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లు దాటుతుంది. పాత పెట్రోల్‌ది 165 దగ్గర ఆగుతుంది. ఆ తేడా అంతా గేర్‌బాక్స్ పళ్ళ మీద, అక్కణ్ణుంచి వెనక చక్రాలను తిప్పే కడ్డీలు, అంటే హాఫ్ షాఫ్టుల మీద పడుతుంది. సిరీస్ బళ్ళకి హాఫ్ షాఫ్టులు విరగడం అసలే పాత జబ్బు.

బురదే_దారి:
అవి పెట్రోల్ ఇంజన్‌తోనూ విరుగుతాయి. బలమైన షాఫ్టులు దొరుకుతాయి, వేసుకుంటే సరి. టార్క్ ఉంది కదా అని మొదటి గేరులో క్లచ్ టపీమని వదిలేవాడికి ఏ బండైనా ఒకటే.

తుప్పు_వేట:
ఇద్దరూ ఇంజన్ దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, ప్రశ్నలో అసలు భయపడాల్సిన మాటను ఎవరూ పట్టించుకోలేదు. "బాడీ గట్టిగా ఉంది, ఎక్కడా చిల్లు లేదు." అది అల్యూమినియం అండీ! రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఉక్కు కరువుగా ఉన్న రోజుల్లో అల్యూమినియం మిశ్రమంతో రేకులు వేశారు, అదే పద్ధతి కొనసాగింది. పైరేకు తుప్పు పట్టదు. కింద బండి మొత్తాన్ని మోసే చట్రం, అంటే చాసీ మాత్రం ఉక్కే. దానికి తోడు డబ్బా ఆకారంలో బోలుగా ఉంటుంది. లోపలికి బురద చేరి, నీళ్ళు పోయే రంధ్రాలు పూడుకుపోతే, తుప్పు లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మేడిపండు బండి అన్నమాట.

బండి కిందికి దూరి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే లోహం ఉన్నట్టు. మొద్దుగా వినిపిస్తే అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. వెనక అడ్డ బీము, కమాన్ పట్టీలు బిగించే చోట్లు, ఇంధన ట్యాంకు దగ్గర చాసీ నుంచి పక్కకు పొడుచుకొచ్చే కొమ్ములు, ఇవి ముందుగా పోతాయి. ఇంజన్ గదికీ డ్రైవర్ కాళ్ళకీ మధ్య ఉండే గోడ కూడా ఉక్కే. పాదాలు పెట్టే చోట కార్పెట్ ఎత్తి చూడండి. అల్యూమినియం, ఉక్కు ఆనుకుని తడి తగిలే చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. అది బోల్టుల చుట్టూ కనిపిస్తుంది.

అడుగున కొత్తగా నల్ల పూత పూసి ఉంటే నేనైతే బేరం ఆడను, వెనక్కి వచ్చేస్తాను. ఆ పూత కింద ఏముందో అమ్మేవాడికి తెలిసే పూశాడని నా గట్టి నమ్మకం.

చాసీ పోతే ఏ ఇంజన్ పెట్టినా దండగే. చాసీ బాగుంటే ఏ ఇంజన్ అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు.

వారాంతం_పానా:
ఈ అల్యూమినియం సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ అన్నా. ఈసారి సుత్తితో వెళ్తాను. ఇంకొకటి. బ్రేక్ పెడల్ నొక్కితే నేల దాకా దిగిపోతోంది. డ్రమ్ము బ్రేకులే ఉంచాలా, డిస్కు బ్రేకులు వేయించాలా?

సైడ్‌వాల్వ్:
డిస్కుల దాకా ఎందుకు? కదలకుండా ఉన్న బండిలో బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుని ఉంటుంది. ఒక్కో చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి కారుతుంటాయి. అన్ని సిలిండర్లూ, రబ్బరు పైపులూ మార్చి, లైనర్లు సరిగ్గా సర్దుబాటు చేస్తే డ్రమ్ములు ఆ బరువుకి, ఆ వేగానికి సరిపోతాయి. సర్దుబాటు ఎవరూ ఓపిగ్గా చేయరు, తర్వాత డ్రమ్ములను తిడతారు. పనిలో పనిగా పెట్రోల్ పైపులు కూడా మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు ఉబ్బి పగులుతుంది, పంపులో డయాఫ్రమ్ (పలచటి రబ్బరు పొర) కూడా పోతుంది.

బురదే_దారి:
వాగు దాటాక డ్రమ్ములో నీళ్ళూ ఇసుకా చేరితే ఏ సర్దుబాటు కాపాడుతుంది? పైగా కొన్ని పాత బళ్ళలో బ్రేక్ లైను అంతా ఒక్కటే. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారే పోతుంది. మీ బండికి అదే ఉంటే ముందు వెనకలకి వేర్వేరుగా పనిచేసే మాస్టర్ సిలిండర్ పెట్టించండి. అసలుదనం పేరు చెప్పి దీనికి కూడా అడ్డుపడతారా సైడ్‌వాల్వ్ గారూ?

సైడ్‌వాల్వ్:
దానికి అడ్డుపడను. బోల్టులు విప్పితే మళ్ళీ పాతది పెట్టుకోవచ్చు, చాసీకి కోత పడదు. నా పేచీ అంతా గ్యాస్ కట్టర్ పట్టుకుని చాసీ మీద ఇంజన్ని నిలిపే మౌంటులు కోసేవాళ్ళతోనే. ఒకసారి కోశాక తర్వాత కొనేవాడికి వెనక్కి దారి ఉండదు.

బురదే_దారి:
టీడీఐకి గ్యాస్ కట్టర్ అక్కర్లేదని ముందే చెప్పాను. మౌంటులు బోల్టులతో బిగించేలా చేయించుకోవచ్చు. పాత ఇంజన్ని గ్రీజు రాసి మూలన భద్రంగా పెట్టుకోమనండి, తర్వాతివాళ్ళకు ఇద్దురు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఇంజన్ మారిస్తే పత్రాల్లో నంబరు కూడా మార్పించుకోవాలి, లేకపోతే అమ్మేటప్పుడు టెన్షన్.

తుప్పు_వేట:
పత్రాల మాట వచ్చింది కాబట్టి, చాసీ మీద కొట్టిన నంబరూ పుస్తకంలో నంబరూ ఒకటేనా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోండి. చాసీ మార్చిన బళ్ళలో ఇక్కడే తిరకాసు ఉంటుంది.

వారాంతం_పానా:
సరే. ముందు చాసీ, ఆ గోడ, నంబర్లు. అవి బాగుంటేనే కొంటాను. కొన్నాక మొదట బ్రేకులు, తర్వాత సిలిండర్లలో నూనె. హ్యాండిల్‌కి ఇంజన్ తిరిగితే పాతదే ఉంచుతాను. బ్లాకు పగిలి ఉంటే టీడీఐ.

సైడ్‌వాల్వ్:
పగిలిన బ్లాకుని కూడా కుట్టు వేసి బాగుచేసే మేస్త్రీలు ఉన్నారండీ.

బురదే_దారి:
వదలరు కదా మీరు!