సైకియాట్రీ వార్డులో పావుగంటకోసారి వచ్చి చూడటం సేవా? కాపలాయా?

పాత పేషెంట్:
మూడేళ్ల కింద ఒక ప్రైవేటు ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో 19 రోజులున్నాను. చనిపోవాలనే ఆలోచనలున్నాయని పావుగంటకోసారి చూడమని రాశారు. నా జబ్బే నిద్ర పట్టకపోవడంతో మొదలైంది. కాస్త కన్ను మూతపడేసరికి తలుపు కిర్రుమనేది, మొహం మీద టార్చి పడేది. టిక్కు పెట్టుకుని వెళ్లిపోయేవారు. బాత్రూమ్‌కి గడియ లేదు. బయట నిలబడి "అయిందామ్మా?" అని అడుగుతుంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? సిస్టర్ల మీద కోపం లేదు. కానీ ఆ చూడటం నా కోసం కాదు, రిజిస్టర్ కోసం.

నైట్ డ్యూటీ:
అమ్మా, నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. టార్చి ఎందుకో చెప్తాను. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్న మనిషి ఊపిరి తీస్తున్నారని తెలియాలంటే ఛాతీ కదలడం కనిపించాలి. తెలిసినవాళ్లు వెలుగు గోడ మీద వేసి చూస్తారు, మొహం మీద కాదు. అది నేర్పకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ రాత్రి నలభై మందికి ఇద్దరం. నేను చూడని పావుగంటలో ఏదైనా జరిగితే ఎంక్వైరీలో నిలబడేది నేనే.

ఇంకోమాట. వారం రోజులు పక్కనే కాపాడుకున్న ఒకావిడ తర్వాత బజార్లో కనిపించి మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ రోజు బాధపడ్డాను. ఇప్పుడు మీ పోస్టు చదివాక ఎందుకో అర్థమవుతోంది.

తమ్ముడి అక్క:
మీకు సిస్టరైనా వచ్చారు. మా తమ్ముడికి కాపలా మా నాన్నే. "అటెండెంట్ ఉన్నారు కదా" అని మొత్తం ఆయన మీద వదిలేశారు. 64 ఏళ్ల మనిషి స్టూలు మీద తెల్లవార్లూ. ఒక రాత్రి మనుషుల్లేరని తమ్ముడి చేతులు మంచానికి కట్టేశారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: సిబ్బంది తక్కువన్న కారణంతో కట్టకూడదు, శిక్షగా అసలే కట్టకూడదు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగుల్ని ఉంచే చోట, గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయాక కూడా కట్టడం మనకింత తేలికా? నన్నడిగితే టార్చి వెయ్యి రెట్లు నయం.

మాంచెస్టర్ సిస్టర్:
ఇంగ్లండ్‌లో మానసిక వార్డులోనే పని చేస్తున్నాను. ఇక్కడ నిఘాకి మెట్లున్నాయి: మామూలుగా చూడటం, మధ్యమధ్యలో చూడటం, కంటిచూపు దాటనివ్వకపోవడం, చేయి చాస్తే అందేంత దగ్గర ఉండటం. కాగితం మీద బ్రహ్మాండం. కానీ నిఘాలో ఉండగానే జరిగిన ఆత్మహత్యల మీద 2015లో ఇక్కడి జాతీయ విచారణ బృందం రిపోర్టు ఇచ్చింది. వాటిలో చాలావరకు మధ్యమధ్యలో చూసే పద్ధతిలో ఉన్నవాళ్లవే. పరిశీలించిన వాటిలో దాదాపు సగం, అనుభవం తక్కువ ఉన్నవాళ్లో, ఆ పేషెంటు గురించి పెద్దగా తెలియనివాళ్లో డ్యూటీలో ఉన్నప్పుడు జరిగాయి. అంటే ఎన్నిసార్లు చూశారన్నది ఒక్కటే కాదు, చూసేది ఎవరన్నదీ ముఖ్యమే. మా దగ్గరా ఈ పని తరచుగా కొత్తవాళ్లకే అప్పజెప్తారు, తేలిక పని అనుకుని.

నైట్ డ్యూటీ:
ఇక్కడా అంతే. ట్రెయినింగ్ పిల్లల్ని కూర్చోబెడతాం. వాళ్లు భయంతో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

పాత పేషెంట్:
తమ్ముడి అక్క గారూ, కట్టేయడం కన్నా టార్చి నయమే, కాదనను. కానీ నయమైనదాన్ని కూడా ప్రశ్నించవచ్చు కదా.

ఆ 19 రోజుల్లో ఒక్క సిస్టరే వేరుగా ఉండేది. మూడింటికి వచ్చి నేను మేలుకుని ఉండటం చూసి, టార్చి ఆర్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. మా ఊళ్లో బెల్లం ఎలా వండుతారని అడిగింది. గానుగ దగ్గర నుంచి పెనం, నురగ తీయడం, అచ్చుల దాకా చెప్పుకుంటూ పోయాను. గంట గడిచింది. మీరు చెప్పిన ఆ 2017 చట్టంలోనే 25వ సెక్షన్ ప్రకారం మన వైద్య రికార్డులు మనం అడగొచ్చు, మొన్న తెప్పించుకున్నాను. ఆ రాత్రి గడిలో ఉన్నది ఇంతే: "3.00 – అవేక్. కోఆపరేటివ్."

నైట్ డ్యూటీ:
బెల్లం సంగతి రాయడానికి మా షీటులో గడి లేదమ్మా.