దివాచరమా, దైనికమా, పగటి జంతువా?

బరంపురం నుంచి: గంజాం జిల్లా భేట్నొయి కృష్ణజింకల మీద తెలుగు పిల్లలకు ఒక పాఠం తయారవుతోంది. ఇంగ్లీషులో 'డయర్నల్' (పగటిపూట తిరిగేది) అన్నచోట ఒకరు పగటి జంతువు అని, ఇంకొకరు దైనికం అని రాశారు. ఏది ఉంచమంటారు?

పర్లాకిమిడి నుంచి: రెండూ వద్దు, దివాచరం అని పెట్టండి మాస్టారూ. దివా అంటే పగటిపూట. అది అవ్యయం, దీర్ఘం పోకూడదు. దివాకరుడిలో ఉన్నదీ అదే. 'దివిచరం' అని పడిందా, ఆకాశంలో తిరిగేదని అర్థం మారిపోతుంది. ఒడియా బడి పిల్లలు 'వ'ని 'బ'గా పలుకుతారు కాబట్టి 'దిబాచరం' అని రాసేస్తారు. ప్రూఫులో ముందు అది చూసుకోండి.

పగటి జంతువు మాత్రం వద్దు. పగటికల, పగటిదొంగ, పగటివేషం చూడండి. రాత్రి జరగాల్సింది పగలు జరిగిందన్న వెక్కిరింపో వింతో ఆ మాటల్లో ఉంది. జింకకి అదెందుకు? చిన్న తరగతులకైతే 'పగలు తిరిగేది' చాలు.

గుణుపురం నుంచి: దైనికం తప్పుమాట కాదండి, చోటే వేరు. డయర్నల్‌కి రెండర్థాలు: పగటిపూటది, రోజుకోసారి తిరిగొచ్చేది. గరిష్ఠం 34, కనిష్ఠం 21 డిగ్రీలుంటే ఆ 13 డిగ్రీల తేడా దైనిక వ్యత్యాసం. దాన్ని 'పగటి వ్యత్యాసం' అంటే రాత్రి కనిష్ఠం ఎగిరిపోతుంది. గోపాలపూర్‌లో సముద్రపు పోటు సుమారు 24 గంటల 50 నిమిషాల్లో రెండుసార్లు వస్తుంది, అది అర్ధదైనికం. అక్కడ 'అర్ధ దివాచరం' అని పెడితే సముద్రం సగం పగలు షికారు చేస్తుందన్నట్టే!

పర్లాకిమిడి నుంచి: బాగా చెప్పారు. ఇంకొకటి. దివాచరం అన్నాం కదా అని 'పగలంతా మేస్తుంది' అని రాయకండి. ఎండాకాలంలో కృష్ణజింక పొద్దునా సాయంత్రమూ మేసి, మిట్టమధ్యాహ్నం నీడ పట్టున ఉంటుంది. మసక వెలుతురులోనే ఎక్కువగా తిరిగేవాటికి సంధ్యాచరం అనే మాట వేరే ఉంది. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటికి వచ్చే సముద్రపు తాబేళ్లకైతే ఏ ముద్రా వేయకండి. గుడ్లు ఎక్కువగా రాత్రే పెడతాయి గానీ, గుంపులుగా వచ్చినప్పుడు తెల్లారాక కూడా సాగుతుంది.

బరంపురం నుంచి: మరి గుడ్లగూబకి దివాంధం, అంటే పగలు కళ్లు కనిపించనిది, అని రాశారే, ఉంచొచ్చా?

గుణుపురం నుంచి: తీసేయండి. నిఘంటువు పేరే గానీ, గుడ్లగూబకి పగలూ చూపు ఆనుతుంది. నిశాచరం అనండి, సరిపోతుంది.